అత్తమ్మ పంటి నొప్పి

మా అత్తమ్మ పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదు. నేనప్పుడు బజారు వీధిలో ఉన్న మా క్లినిక్‌లో ఒకాయన దవడకు మత్తు సూది ఇస్తున్నాను. మా ఇంటి పక్కన బట్టలు కుట్టే ఖాలా పరుగెత్తుకొచ్చి తెర పక్కకు జరిపి, "డాక్టరమ్మా, జర ఇంటికి రా. మీ అత్త పలుకుతలేదు" అంది. ఆమె మొహం చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. కుర్చీలో ఉన్నాయనకు కూడా తెలిసిపోయినట్టుంది. సగం మొద్దుబారిన మూతితోనే "మీరు పోండ్రి మేడం, నేను రేపొస్త" అన్నాడు.

మహారాష్ట్ర అంచున, ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచలో పళ్ల డాక్టర్ని నేను. అయినా నన్ను గుర్తుపట్టాలంటే చాలామంది "బల్ల మీద కూసునే అవ్వ కోడలు" అనే అనేవారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. అన్నేళ్లు చదివి, బయట మరాఠీలో పెద్ద బోర్డు పెట్టుకుంటే, ఊరు నన్ను గుర్తుపెట్టుకున్నది మా అత్తమ్మను బట్టి. ఇప్పుడు ఆ మాట వినబడితే బాగుండుననిపిస్తోంది.

నాది అహేరి. పెళ్లయి ఈ ఊరొచ్చి క్లినిక్ తెరిచిన వారంలోనే అత్తమ్మ వచ్చి వసారాలో బల్ల మీద కూర్చుంది. కోడలు జనం నోళ్లలో ఏం చేస్తుందో చూద్దామని వచ్చానంది. చూసింది, నచ్చినట్టుంది, ఇక పోలేదు. ఇంట్లో పని ముగించుకుని, కొంగు నిండుగా కప్పుకుని రోజూ వచ్చి ఆ బల్ల చివర కూర్చునేది. మా మామగారు లేరు, మా ఆయన తహసీల్ ఆఫీసుకు పోతాడు. ఇంట్లో ఒక్కతే గోడలు చూసుకుంటూ కూర్చునే రకం కాదు ఆమె. నొప్పితో వచ్చిన వాళ్లకు తమ వంతు వచ్చేదాకా గడవదు కదా, వాళ్లతో మాట్లాడేది. పుట్టిల్లు పెర్మిలి పక్కన పల్లె కాబట్టి గోండి ఇంట్లో భాషలాగే వచ్చు. అడవి ఊళ్ల నుంచి బస్సులు మారి వచ్చిన ఆడవాళ్లు నా ముందు నోరు తెరవడానికి జంకేవారు గానీ, ఆమె ముందు మాత్రం కష్టాలన్నీ చెప్పుకునేవారు.

నేను రాత్రి అన్నాలప్పుడు ఆ రోజు కేసుల గురించి మా ఆయనకు చెబుతుంటే ఆమె వినేది. విన్నది విన్నట్టు పట్టుకుంది. కొన్నాళ్లకు తెర అవతలి నుంచి నా ప్రశ్నలన్నీ నాకంటే ముందే వినబడటం మొదలైంది.

"ఎప్పుడు నొస్తాంది బిడ్డా? సల్లటి నీళ్లు తాగితేనా, ఏడి చాయ్ తాగితేనా? నమిలితేనే నొస్తాందా, ఊకె కూసున్నా నొస్తాందా?"

ఈ నాలుగు ప్రశ్నల్లో సగం వైద్యం ఉంది. చల్లటి నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని క్షణంలో పోతే, చిగుళ్లు కిందికి జారో, పన్ను పైపొర అరిగో ఉంటుంది. బొగ్గుతో, ఇటుక పొడితో పళ్లు రుద్దేవాళ్లలో ఇది ఎక్కువ. వేడి చాయ్ తాగితే మొదలై గంటసేపు గుంజుతూనే ఉందంటే పుప్పి లోపలి నరందాకా పోయింది. నమిలినప్పుడు మాత్రమే చురుక్కుమంటే పన్నులో బీట ఉందేమో చూడాలి. మా దగ్గర దానికి వేయించిన చింతగింజలే ప్రధాన కారణం. చిన్నప్పటి నుంచి పటపటా కొరికే అలవాటు, వయసు మీద పడ్డాక కూడా పోదు. చిట్టచివర, దవడ మూలలో, ఇరవై ఏళ్ల పిల్లలకు నొస్తే అది జ్ఞానదంతం దారి వెతుక్కోవడం. చలికాలంలో పైవరస పళ్లన్నీ ఒకేసారి బరువుగా నొస్తే, పళ్లను వదిలేసి ముక్కు సంగతి చూసుకోవాలి. ఒక్కోసారి రెండు పళ్ల మధ్య ఇరుక్కున్న మాంసం పీచు కూడా మనిషిని ఏడిపిస్తుంది.

ఇవన్నీ ఆమెకు వచ్చేశాయి. అన్నిసార్లూ సరిగ్గా చెప్పేదని కాదు. జలుబుతో వచ్చిన వాళ్లను పుప్పి అనేది, పుప్పితో వచ్చిన వాళ్లను జలుబు అనేది. నేను సరిచేస్తే, "నీది సదువు, నాది సోపతి. ఇద్దరం కలిస్తే అయితది తియ్యి" అనేది.

ఊరందరి నోళ్ల గురించి ఇంత తెలిసిన ఆమె తన నోరు మాత్రం నాకు ఏనాడూ చూపించలేదు. నవ్వితే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది. జొన్నరొట్టెను పప్పులో మెత్తబడేదాకా నానబెట్టి, కుడివైపుకు తోసి నమిలేది. పళ్ల డాక్టర్ని, పక్కన కూర్చుని తినే మనిషి ఎడమవైపు నమలకపోతే కనబడదా? ఒకసారి చూస్తానంటే, "నా పండ్లు ఇనుము. నీ పేషెంట్లను సూసుకో" అని లేచిపోయింది. ఇంకోసారి గట్టిగా అడిగితే అసలు మాట బయటపెట్టింది. "అత్త నోట్లె కోడలు చెయ్యి పెట్టుడేంది? ఏడనన్న ఉన్నదా గిది? మా అత్త బతికినన్ని దినాలు నా పండ్లు సూడలే, నేను ఆమె పండ్లు సూడలే."

కోడలు కాళ్లు పిసకొచ్చు, తల దువ్వొచ్చు, జ్వరం వస్తే ఒళ్లు తుడవొచ్చు. నోరు మాత్రం చూడకూడదు. ఎవరు పెట్టారో తెలియదు ఆ హద్దు, ఆమె మటుకు గీత గీసుకుని కూర్చుంది.

ఇంకో కారణం కూడా ఉందని నాకు తెలుసు. మా అత్తమ్మకు గుడాకు అలవాటు. పొగాకూ బెల్లం కలిపి చేసిన ఆ నల్లటి ముద్దను వేలితో తీసి పళ్లకు రుద్దుకుంటారు. మా వైపు ఆడవాళ్లలో చాలామందికి పొద్దున్నే అది పడకపోతే ఏ పనీ సాగదు. స్నానాల గది గోడ సందులో ఆమె డబ్బా దాచుకునేది. అది ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియదని ఆమె అనుకునేది. ఆ వాసన నా ముక్కుకు రోజూ పరిచయమే, అయినా నేను ఆ మాట ఎత్తలేదు. నాకు ఆ మాత్రం మర్యాద తెలుసు.

అయితే క్లినిక్‌లో నాకు ఆ మర్యాద ఉండదు. పొగాకూ వక్కా కలిపిన ఖర్రా నమిలేవాళ్లను, గుడాకు రుద్దేవాళ్లను నేను తిట్టే తిట్లు బజారు దాకా వినబడతాయని మా ఆయన అంటాడు. వినబడితే మంచిదే. నాలుగు ముచ్చట్లు దారినపోయేవాడి చెవిలో కూడా పడతాయి. ఆ తిట్లన్నీ మా అత్తమ్మ బల్ల మీద కూర్చుని రోజూ వినేది.

ఒక ఏడు ఎండలు ముదిరే వేళకు వంటింట్లో లవంగాలు మాయం కావడం మొదలైంది. ఖాలా లవంగనూనె సీసా కొంగులో పెట్టుకుని మా ఇంటికొచ్చి, నన్ను చూసి దాన్ని అటూ ఇటూ దాచేది. అత్తమ్మ చాయ్ చల్లార్చుకుని తాగుతోంది. పుప్పి రంధ్రంలో గుడాకు కుక్కి మంట అణచుకుంటోందని నాకు అనుమానం. అడిగితే "ఏం లే" అనేది. ఆ పదిహేను రోజులూ ఆ ఎడమ చెంప వైపే నా చూపు పోయేది. ఏం చెయ్యను? నోరు మూసుకుని కూర్చున్న మనిషికి వైద్యం ఎక్కడ చెయ్యాలి?

తర్వాత ఒక పొద్దున ఆమె కులాసాగా లేచింది. నొప్పి పోయింది! వేడి వేడి చాయ్ నా ఎదురుగా కూర్చుని ఊదకుండా తాగింది. పుట్నాలూ బెల్లం మూట కట్టుకుని క్లినిక్‌కు వచ్చి బల్ల మీద ఉన్నవాళ్లందరికీ పంచింది. పంచుతూ ఒక ఉపన్యాసం కూడా ఇచ్చింది. "గీ సూదులు, గీ మిషిన్లు దేనికే? లవంగం వెట్టు, గుడాకు దట్టియ్యి, వారం ఓర్సుకో. నొప్పి దానంతటదే పోతది. నాకు పోయింది."

ఆ మాట విని, పెర్మిలి నుంచి వచ్చిన ఒకామె లేచి కొంగు సర్దుకుని బస్టాండు వైపు నడిచింది.

నాకు తల తిరిగిపోయింది. నా క్లినిక్ వసారాలో, నా బల్ల మీద, నా అత్తమ్మ కూర్చుని నా పేషెంట్లను ఇంటికి పంపుతోంది. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాను. మా దిక్కు ప్రతి ఊళ్లోనూ జరిగే పొరపాటు ఇదే కాబట్టి మీకూ చెబుతాను. విడవకుండా గుంజిన పన్ను ఉన్నట్టుండి మందు లేకుండా చల్లబడిందంటే అది నయమైనట్టు కాదు. లోపలి నరం చచ్చిపోయినట్టు. అరిచే నోరు పోయింది గానీ కుళ్లు ఆగలేదు. అది వేరు కిందికి దిగి, చీము పట్టి, దవడలోకి దారి చేసుకుంటుంది.

"ఇంటి కాపలా కుక్క చచ్చిపోయి మొరగడం ఆగితే, దొంగలు పోయినట్టా అత్తమ్మా?" అన్నాను.

"మనింట్ల కుక్కనే లేదు" అంది ఆమె.

వారం తిరగలేదు. చెంప లేచింది. మర్నాటికి దవడ అంచు కనబడలేదు, జ్వరం వచ్చింది, నోరు రెండు వేళ్ల మందం కూడా తెరుచుకోవడం లేదు. వాపు కిందికి, గొంతు వైపు జరుగుతోంది. పంటి చీము గొంతు చుట్టూ పాకితే మింగుడు పడదు, ఆ తర్వాత ఊపిరి ఆడదు. పంటి నొప్పితో మనుషులు చచ్చిపోతారా అని అడిగేవాళ్లకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. ఆమె ఇంకా నీళ్లు మింగగలుగుతోంది, ఊపిరి బాగానే ఉంది. చీము ఆ రోజే బయటికి తీస్తే చాలు, నా చేతిలో పని. ఆగితే నా చేతిలో ఉండదు.

మా ఆయన బతిమాలాడు. "అవ్వా, ఇంట్లనే డాక్టర్ ఉన్నది గదా, జర సూపియ్యి." ఆమె తల అడ్డంగా ఊపింది. చివరకు ఆయన, బండి మాట్లాడి మంచిర్యాల తీసుకుపోతానన్నాడు. దానికి వెంటనే ఒప్పుకుంది!

నాకు అక్కడ నిజంగా నొప్పి పుట్టింది. వంతెన దాటి పోయి, ముక్కూ మొహం తెలియని డాక్టరు ముందు నోరు తెరుస్తుందట. ఒకే కంచంలోంచి ఊరగాయ తీసుకుని తినే నా ముందు తెరవదట. ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఏదో ఒకటి అనేస్తానేమోనని చెప్పులేసుకుని క్లినిక్‌కు వెళ్లిపోయాను. ఎక్కడైనా సరే, ఆ పూట చీము తీస్తే చాలని మనసుకు చెప్పుకుంటూ పేషెంట్లను చూస్తున్నాను.

కాసేపటికి తెర పక్క నుంచి చూస్తే బల్ల చివర అత్తమ్మ. తలకూ చెంపకూ కొంగు చుట్టుకుని, వంతు కోసం కూర్చుని ఉంది. ముందు లోపలికి రమ్మని పిలిస్తే చేత్తో వద్దంది. తన ముందున్న ఇద్దరూ మేం ఆగుతామన్నా వినలేదు. వంతు వచ్చాకే లోపలికి వచ్చింది. కుర్చీ ఎక్కే ముందు, సరిగ్గా తెరుచుకోని నోటితో, ఒక్కో మాటా పేర్చి చెప్పింది.

"ఇగో సూడు పిల్లా. ఇయ్యాల నేను నీ అత్తను గాదు, పేషెంటును. గుడాకు పెడుతున్న. నీకు దెల్వదు. లోపల అంత నల్లగున్నది. నువ్వు అందర్ని తిట్టుడు నేను రోజు ఇంటున్న గదా, గందుకే భయమైంది. అందర్ని తిట్టినట్టే నన్ను గూడ తిట్టు. గానీ ఈ కుర్సీ దిగినంక ఇంట్ల మళ్ల ఎత్తొద్దు."

నేను చేతులకు గ్లవుజులు తొడుక్కున్నాను. ఎడమచేత్తో ఆమె గడ్డం కింద పట్టుకుని, లైటు దగ్గరికి జరిపి, మొదటిసారి మా అత్తమ్మ నోట్లోకి చూశాను. కింది వరుసలో దవడ పన్ను సగం విరిగి ఉంది. లోపలి పళ్లన్నీ ఆమె చెప్పినట్టే నల్లగా ఉన్నాయి.

తిట్టాను. తక్కువ చెయ్యలేదు. చేస్తే ఆమె నమ్మేది కాదు, తనను వేరుగా చూశానని చిన్నబుచ్చుకునేది. గుడాకు సంగతీ, లవంగం సంగతీ, పుట్నాలు పంచిన సంగతీ, పెర్మిలి ఆమెను వెనక్కి పంపిన సంగతీ అన్నీ ఏకరువు పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని మొత్తం వింది. నేను సూది ఇచ్చి, కోసి, చీము వదిలేసరికి ఆ మూసిన కళ్లలోంచి నీళ్లు జారాయి. అది తిట్లకు కాదు, పళ్లు కరుచుకుని భరించిన బరువు దిగినందుకు. వాపు తగ్గాక ఆ పన్ను తీసేశాను, మిగతావన్నీ శుభ్రం చేశాను. ప్రతిసారీ ఆమె బల్ల మీద కూర్చుని తన వంతుకే వచ్చింది.

కుర్చీ దిగిన సాయంత్రం వడ్డిస్తుంటే నా వంక చూడకుండా "చారుల ఉప్పెక్కువైంది" అంది. ఉప్పు సరిపోయే ఉంది. మళ్లీ అత్తగా మారిందన్నమాట. నేను మాట నిలబెట్టుకున్నాను, గుడాకు పేరు ఇంట్లో ఎత్తలేదు. ఆమె మానేసిందా అంటే మానేసింది, మళ్లీ పట్టింది, మళ్లీ మానేసింది. అలవాటంటే అంతే కదా.

మంచిర్యాల పోతానన్న మనిషి మనసెందుకు మార్చుకుందో నాకు చాలా రోజుల తర్వాత ఖాలా చెప్పింది. ఆ రోజు బండి కోసం చూస్తూ ఇద్దరూ గడప మీద కూర్చున్నారట. ఖాలా ఊరికే, "సొంత అత్తనే నది దాటి పోతే, రేపు నీ కోడలు తాన ఎవరొస్తరక్కా? పరేషాన్ అయితది పిల్ల" అందట. అత్తమ్మ కొంగు చుట్టుకుని లేచి, "బండి వద్దని వానికి చెప్పు" అని నడిచి వచ్చేసిందట. తన భయం తనకుంది, సిగ్గుంది, పెద్దలు గీసిన గీత ఉంది. వాటన్నిటి కంటే నా పేరు ఆమెకు ఎక్కువైంది. ఇది ఆమె నాకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఇప్పుడు ఇట్లా రాసుకోవడమే మిగిలింది.

ఆ తర్వాత బల్ల మీద ఆమె ధోరణే మారిపోయింది. నొప్పి తగ్గిందని లేచి పోబోయే వాళ్లను రెక్క పట్టుకుని కూర్చోబెట్టేది. "తగ్గిందా? అయితే ఇంకింత తొందరగ సూపియ్యాలె. నాకు గూడ తగ్గింది. తర్వాత నా మొకం కుండ లెక్కయింది" అని చెంప ఉబ్బించి చూపేది. పెర్మిలి ఆమె కొన్నాళ్లకు వాచిన చెంపతోనే తిరిగొచ్చింది. అత్తమ్మ ఎదురెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని గోండిలో ఏదో చెప్పింది. "ఏం చెప్పినవ్ అత్తమ్మా?" అంటే, "తప్పు నాదేనని చెప్పిన. నా మాట ఇని పోయిందాయె" అంది. ఆ రోజు ఆమె పన్ను తీసేదాకా కుర్చీ పక్కనే నిలబడింది.

మరోసారి ఒక పెద్దరైతు ఎడమ దవడ గుంజుతోందని వచ్చాడు. నమిలితే లేదు, నీళ్లు తాగితే లేదు, నడిస్తే మాత్రం వస్తోందట, చెమట కూడా పడుతోందట. గుండె నొప్పి కూడా దవడలో కనబడొచ్చని నేనే ఎప్పుడో అన్నం దగ్గర చెప్పాను. తెర పక్కకు తోసి, "ఇది పన్ను గాదు, నువ్వు లేసి రా" అని నన్ను పిలిచింది. సర్కారు దవాఖానాకు పంపాం, బతికాడు. ఆ ముచ్చట ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. నేను ప్రతిసారీ కొత్తగా విన్నట్టే విన్నాను.

పోయిన నాడు పెర్మిలి వైపు చుట్టాలందరూ వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. స్నానం చేయించి, కొత్త చీర కట్టి, వాకిట్లో పడుకోబెట్టాం. ప్రాణహిత నీళ్లు చెంబులో తెచ్చారు. మొదట మా ఆయన ఆమె నోట్లో పోశాడు. పెదవులు బిగుసుకుని ఉన్నాయి, నీళ్లు చెంపల మీదుగా జారి మెడ కిందికి పోయాయి. అన్నదమ్ముల వరస వాళ్లు పోశారు, అప్పుడూ అంతే. ఆఖరి నీళ్లు లోపలికి పోకపోతే ఎట్లా అని ఎవరో సన్నగా ఏడుస్తున్నారు.

మా అత్తమ్మ చెల్లెలు చెంబు తీసుకుని నా చేతికిచ్చింది. "నువ్వు పొయ్యి బిడ్డా. మా అక్క నీకైతే తెరుస్తది."

నేను కింద కూర్చున్నాను. ఎడమచేత్తో గడ్డం కింద పట్టుకున్నాను. రోజూ అందరికీ పట్టుకున్నట్టే, బొటనవేలితో కింది పెదవి మెల్లగా జరిపాను. నోరు కొంచెం తెరుచుకుంది. కొద్దికొద్దిగా పోశాను. నీళ్లు లోపలికి పోయాయి.

చెంబు ఎవరో తీసుకున్నారు. నా చెయ్యి మాత్రం ఆమె గడ్డం కిందే ఉండిపోయింది. తియ్యమని ఎవరూ అనలేదు.